ముక్కు రోడ్డు వైపు

ఆ వసంతంలో మా ఊరి ఫైరింజనుకి ఇల్లు లేకుండా పోయింది.

ఫిబ్రవరిలో నాలుగు రోజులు తడిమంచు కురిసింది. ఐదో రోజు దాని మీద వాన పడింది. ఆ బరువుకి ఫైర్ స్టేషన్ వెనక ఉన్న వర్క్‌షాపు కప్పు మధ్యలోకి విరిగి కూర్చుంది. లోపల ఎవరూ లేరు. కానీ ముందు గది గోడలు కూడా బీటలిచ్చాయని తేల్చి, తలుపులకి ఎర్ర టేపు చుట్టేశారు. ఇంజనుని తెచ్చి మా స్కూలు గోడ చాటున పెట్టారు. ట్యాంకులో నీళ్ళు గడ్డకట్టకుండా మా సైన్సు గది కిటికీలోంచి ఒక హీటర్ తీగ లాగారు. అది నా బల్ల పక్కనుంచే పోయేది. పాఠం వింటూ దాన్ని కాలితో తాకి చూసేదాన్ని, వెచ్చగా ఉందేమోనని.

నాకప్పుడు పదిహేనేళ్ళు. మా క్లాసులో ఉన్నదే తొమ్మిదిమందిమి. అయినా నేను నోరు విప్పితే మిగతా ఎనిమిదిమందీ తిరిగి చూసేవాళ్ళు, అంత అరుదు. చెప్పాలనుకున్నవన్నీ డైరీలో రాసుకునేదాన్ని. ఇది కూడా ఆ డైరీ పక్కన పెట్టుకునే రాస్తున్నాను.

ఇంజనుని చూసుకునే మెకానిక్ పేరు హల్వర్. అరవై దాటాయి. మార్చి నెలంతా ఒక సన్నటి కర్ర పట్టుకుని ఊరు తిరిగాడు. కర్ర మీద మూడు మీటర్ల ఇరవై సెంటీమీటర్ల దగ్గర ఎర్ర గీత ఉండేది. అది ఇంజను ఎత్తు. పెద్ద తలుపు ఎక్కడ కనిపించినా దాని పక్కన కర్ర నిలబెట్టి చూసేవాడు. చేపల గిడ్డంగి తలుపు జానెడు తక్కువైంది. చర్చి వాళ్ళ కొట్టానికి తలుపు సరిపోయింది కానీ నేల సరిపోలేదు. పన్నెండు టన్నులు పెడితే కింద బంగాళాదుంపల గదిలోకి దిగిపోతుందన్నారు. పొడుగు కూతుర్ని వెంటబెట్టుకుని అద్దె గది వెతుకుతున్నట్టున్నాడని కొట్టు దగ్గర అందరూ ఆటపట్టించేవాళ్ళు. "పొడుగే, గురక కూడా పెడుతుంది," అనేవాడు హల్వర్. "కానీ మంచి పిల్ల."

నవ్వులాట వెనక తొందర ఉంది. పంపు కారుతోంది. ఏప్రిల్ వచ్చిందంటే తూర్పు గాలి మొదలై కొండ మీద పొదలన్నీ గలగలమనేంతగా ఎండిపోతాయి. ఆలోగా పంపు విప్పి బాగుచెయ్యాలి. ఫెర్రీ ఎక్కించి అవతలి ఒడ్డుకి పంపితే అక్కడ వారం రోజులు వరుసలో ఉండాలి. ఆ వారం ఇవతల ఏదైనా అంటుకుంటే ఆర్పడానికి బకెట్లే గతి.

ఊళ్ళో హల్వర్ కర్ర పెట్టి చూడని పెద్ద తలుపు ఒక్కటే మిగిలింది. అది మాది. దాని ఎత్తు అందరికీ తెలుసు కనుకనే అతను కొలవలేదు.

మా అమ్మ హ్యోర్దిస్ పడవలు కట్టే మనిషి. షెడ్డు వాళ్ళ నాన్నది, ఆయన తర్వాత ఆమెది. తాత పెద్ద చేపల పడవలు కట్టేవాడు కాబట్టి తలుపులు ఐదు మీటర్లుంటాయి. నేల సిమెంటుది. మధ్యలో మనిషి నడుం లోతు కందకం ఒకటి ఉంటుంది, పడవ అడుగున పొడవునా ఉండే వెన్నుదూలం దింపుకోవడానికి. లారీ కింద దూరి పనిచేసేవాడికి అంతకంటే మంచి గొయ్యి దొరకదు.

అమ్మ పదకొండేళ్ళు ఫైర్ వాళ్ళలో కూడా ఉంది. మా వైపు ఎవరికీ అదొక్కటే ఉద్యోగం కాదు. పేజర్ మోగితే చేతిలో పని వదిలి పరుగెడతారు, అంతే. అందుకని వాళ్ళు కారుని ఎప్పుడూ వెనక్కి నడిపి పెడతారు, ముక్కు రోడ్డు వైపు ఉండేలా. ఇంటి దగ్గరైనా అంతే, కొట్టు దగ్గరైనా అంతే, ఎవరినైనా పాతిపెట్టడానికి వెళ్ళినా అంతే. వాకిట్లో కారు చూసి అది ఫైర్ వాళ్ళ ఇల్లో కాదో చెప్పేయొచ్చు. అమ్మ కారు అలా తిప్పి పెడుతున్న చప్పుడు నాకు నిద్రలో కూడా తెలిసేది. ముందుకి, ఆగి, వెనక్కి, ఆగి, ఇంకాస్త వెనక్కి.

రెండేళ్ళ కిందట ఆమె బెర్గెన్ నగరంలో పాత ఓడలు బాగుచేసే చోటికి పనికి వెళ్ళింది. ఏడాదికే. తాత్కాలికం అని ఇంట్లో ముగ్గురం అదే మాట వాడాం. ఆ ఏడాది అయ్యాక ఇంకో ఏడాది. షెడ్డులో ఒక పడవ సగంలో ఆగిపోయింది. ఆరు తెడ్ల పడవ, రెండువైపులా మూడేసి చెక్కలు ఎక్కాయి. అది నా కోసం మొదలుపెట్టింది. అమ్మ వెళ్ళాక నాన్న ఆ తలుపు తియ్యలేదు. నేను మాత్రం పక్క తలుపులోంచి వెళ్ళి ఆ పడవలో కూర్చునేదాన్ని. చెక్కల మీద అమ్మ పెన్సిల్‌తో రాసిన అంకెలు అలాగే ఉన్నాయి. ఏడుని ఆమె మధ్యలో అడ్డగీత పెట్టి రాస్తుంది.

ఏప్రిల్ మొదటి వారంలో తురీద్ మా ఇంటికొచ్చింది. కొట్టులో గల్లా దగ్గర కూర్చునేది ఆమే, ఊరి ఫైర్ చీఫూ ఆమే. నాన్న అప్పుడే ఫెర్రీ నుంచి వచ్చాడు. ఆయన పని ఫెర్రీలోకి కార్లని చెయ్యి ఊపి ఎక్కించడం, దించడం. ఈ ఒడ్డున దిగే ప్రతి కారునీ ఊళ్ళో అందరికంటే ముందు చూసేది ఆయనే.

తురీద్ కాఫీ సగం తాగి, నాన్నని పేరు పెట్టి పిలిచి అసలు సంగతికొచ్చింది. "కోరె, మాకు షెడ్డు కావాలి. వర్క్‌షాపు మళ్ళీ కట్టేదాకా. తాత్కాలికమే."

ఆ మాటకి నాన్న కప్పు కింద పెట్టాడు. "షెడ్డు నాది కాదు. హ్యోర్దిస్‌ని అడుగు."

"నువ్వడగరాదూ? నీ దగ్గర నెంబరు లేదా ఏంటి?"

"చీఫ్‌వి నువ్వు. నువ్వే అడుగు."

"మంటలకి కూడా ఇంత భయపడేవాణ్ణి చూడలేదు," అంది తురీద్. నాన్న నవ్వలేదు. తర్వాత ఇద్దరూ నా వైపు చూశారు. అమ్మ నాకు ప్రతి ఆదివారం నాలుగింటికి ఫోన్ చేస్తుందని ఇద్దరికీ తెలుసు.

ఆదివారం అడిగాను. అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వెంటనే ఇచ్చెయ్యమంది. పంపు అలా కారుతుంటే ఏప్రిల్ ఎలా గడుస్తుందని, ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదని విసుక్కుంది కూడా. పడవ సంగతి అడిగితే, హల్వర్‌ని ఎత్తి దూలాలకి కట్టెయ్యమంది. గొలుసు కప్పీ ఎక్కడుందో అతనికి తెలుసంది.

"నువ్వు రావా?" అన్నాను.

"పడవ ఎత్తడానికి నేనెందుకే? నలుగురు చాలు."

ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు డైరీలో రాశాను. మర్నాడు స్కూలు అయ్యాక కొట్టుకి వెళ్ళాను. గల్లా ముందు నిలబడి, బ్రెడ్డు బల్ల మీద పెట్టి, దాని వైపే చూస్తూ చెప్పాను. అమ్మ తనే వచ్చి పడవ తీస్తుందట, తను వచ్చేదాకా ఎవరూ దాన్ని ముట్టుకోవద్దందట. ఆ కొట్టులో నేను అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడి ఉండను. తురీద్ నమ్మడానికి అదే కారణమనుకుంటాను. నేను అబద్ధం చెప్పడానికి నోరు తెరుస్తానని ఎవరనుకుంటారు?

"ఎప్పుడొస్తుంది?" అంది.

"తొందరలోనే."

పడవ కందకం మీదుంది. అది కదిలితే కానీ ఇంజను లోపలికి రాదు. అది కదలనంతకాలం అమ్మ రావడానికి ఒక పని మిగిలి ఉంటుంది. నా లెక్క అంతవరకే వెళ్ళింది. ఆ వారం నాన్న ఫెర్రీ నుంచి రాగానే ఆయన ముఖం చూసేదాన్ని. ఆయన నా ముఖం చూసేవాడు. తురీద్ ఆయనకి కూడా చెప్పినట్టుంది. ఒకరోజు ఆయన, చలికాలంలో జారకుండా మెట్ల మీద చల్లిన ఇసక ఊడ్చాడు. ఇంకోరోజు వంటగది కిటికీ తుడిచాడు.

హల్వర్ పది రోజులు ఆగాడు. పదకొండో రోజు ఇక ఆగలేక, స్కూలు గోడ చాటునే టార్పాలిన్ పరిచి పంపు విప్పాడు. ఒక్క రోజు పని అన్నాడు. మధ్యాహ్నానికి తూర్పు గాలి లేచింది. ఆటస్థలంలోని ఇసక వచ్చి, కడిగి ఆరబెట్టిన ప్రతి ముక్క మీదా పడింది. మళ్ళీ కడిగాడు. మళ్ళీ పడింది. సైన్సు గది కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. అతను ముక్కల మీద తన కోటు కప్పి, వాటి పక్కన చొక్కాతో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక రోజు పని రెండయింది. మూడో రోజు రెండో గంట పాఠంలో ఉండగా ఊరంతా ఒకేసారి పేజర్లు మోగాయి.

అస్లౌగ్ ముసలమ్మ ఇంటి పైన, కొండ పొదలు అంటుకున్నాయి. ఎవరో ఎండుటాకులు తగలబెడుతుంటే గాలి పట్టుకుపోయింది. ఫైర్ వాళ్ళు అలవాటు కొద్దీ స్కూలు దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. వచ్చి, టార్పాలిన్ మీది ముక్కల్ని, వాటి మధ్య నిలబడ్డ హల్వర్‌ని చూసి ఆగిపోయారు. తురీదే ముందుగా కదిలి, వీపుకి తగిలించుకునే నీళ్ళ డబ్బాలు, మంటలు కొట్టే రబ్బరు చీపుర్లు కారులోకి విసిరింది. మేమూ వెళ్ళాం, స్కూలు మొత్తం, తడి గోనెలు పట్టుకుని.

అవతలి ఒడ్డు ఇంజను గంటంపావు తర్వాత వచ్చింది. దాన్ని తెచ్చింది నాన్న ఫెర్రీయే, ఇంకే కారూ ఎక్కించుకోకుండా. అప్పటికి ఇల్లు దక్కింది. గొర్రెలు బయట మేస్తున్నాయి కాబట్టి దక్కాయి. కొట్టం దక్కలేదు. అస్లౌగ్ రోడ్డు మీద ఒక కుర్చీ వేసుకుని కూర్చుని అది కాలిపోవడం చూసింది. ఆ కుర్చీ ఎవరు తెచ్చిచ్చారో నాకు తెలియదు.

మర్నాడు పొద్దున్నే హల్వర్ మా వాకిట్లో ఉన్నాడు. వెంట ముగ్గురు. అడగలేదు, నేరుగా షెడ్డు దగ్గరికి నడిచాడు. నాన్న బూట్లు తొడుక్కుని వెళ్ళి, రెండేళ్ళ తర్వాత మొదటిసారి ఆ పెద్ద తలుపుల గడియ తీశాడు. తుప్పు పట్టి రానంది. భుజంతో నెట్టాడు.

పడవ కింద వెడల్పాటి పట్టీలు దూర్చి, గొలుసులు తగిలించారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. హల్వర్ చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

"నిన్న మీ అమ్మకి ఫోన్ చేశాను," అన్నాడు.

పంపు మీటరులో ఒత్తిడి ముల్లు ఎక్కడ ఆగుతుందో చూసినట్టు కాసేపు నా ముఖంలోకి చూశాడు. తర్వాత ఒక తాడు కొస తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇది పట్టుకో. పడవ వంకర పోతే చెప్పు. గట్టిగా చెప్పు, గొలుసు చప్పుడులో వినపడదు."

పడవ లేచింది. సగం దూరం వెళ్ళాక ముందు భాగం కిందకి వాలింది. "వంకర," అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. వాళ్ళు ఆపి, సరిచేసి, మళ్ళీ లాగారు. అది దూలాల కిందకి చేరి అక్కడ ఆగింది. కింద నుంచి చూస్తే దాని కడుపు మాత్రమే కనిపించేది.

హల్వర్ ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. కొట్టులో ఎవరి చూపూ మారలేదు కాబట్టి నాకది తెలిసింది. అది ఇంకా కష్టంగా ఉండేది. స్కూలు అయ్యాక రోజూ అస్లౌగ్ ఇంటికి వెళ్ళి, బూడిదలోంచి మేకులు ఏరడం మొదలుపెట్టాను. ఆమె భర్త ఆ కొట్టాన్ని చేత్తో కట్టాడు. అంత బూడిదలోనూ ఆయన కొట్టిన మేకులన్నీ నిటారుగానే ఉన్నాయి. రెండో వారంలో చెప్పేశాను, తల ఎత్తకుండా. షెడ్డు ఖాళీ చెయ్యొద్దని అమ్మ అనలేదని, నేనే అన్నానని.

అస్లౌగ్ చాలాసేపు బూడిద జల్లెడ పడుతూనే ఉంది. "మీ అమ్మ వస్తుందని అలా చేశావా?"

"ఊఁ."

"వచ్చిందా?"

"లేదు."

"అయితే ఇద్దరికీ పోయింది," అంది. "ఆ బకెట్టు ఇటు జరుపు."

ఇంజను మా షెడ్డులోకి వెనక్కి నడుస్తూ వచ్చింది, ముక్కు తలుపు వైపు. తురీద్ తలుపుకి ఒక కాగితం అంటించింది, తాత్కాలిక వర్క్‌షాపు అని. హల్వర్ తలుపు ముందు నేల మీద సున్నంతో ఒక గీత గీసి, అది దాటి చీపురు పుల్ల కూడా పెట్టొద్దన్నాడు. కందకంలో దిగి పనిచేసుకునేవాడు. షెడ్డులో పడవలకి పూసే తారు వాసన పోయి డీజిల్ వాసన వచ్చింది. మే నెలంతా మా వాకిట్లో మనుషులే. నాన్న ఫెర్రీ నుంచి రాగానే ఫ్లాస్కులో కాఫీ పోసుకుని షెడ్డుకి వెళ్ళేవాడు. లోపల ఆయనా హల్వరూ నవ్వుకోవడం వినిపించేది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో డైరీలో వెనక్కి తిప్పి చూస్తే తేదీ దొరకలేదు. కానీ నేను మాత్రం ఇంజను పైకి చూసేదాన్ని. పడవలో ఇప్పుడు ఎవరూ కూర్చోలేరు.

జూన్‌లో అమ్మ వస్తానంది. నడివేసవి పండగకి. ప్రతిసారీ ఆ సాయంత్రం ఒడ్డున పెద్ద మంట వేస్తారు. ఆ ఏడు ఎండ చూసి తురీదే వద్దంది, తన చేత్తోనే బోర్డు రాసి పెట్టింది. నాన్న ఆ రోజు డ్యూటీ మార్చుకున్నాడు. గళ్ళ అట్లలాంటి వాఫిల్స్ కోసం పిండి కలిపాడు. పలచనైందని ఇంకాస్త పిండి, గట్టిపడిందని ఇంకాస్త పాలు. చివరికి ఇరవైమందికి సరిపడా అయింది.

నేను వంటగది కిటికీ దగ్గర ఉన్నాను. అమ్మ కారు మలుపు తిరిగింది. వాకిట్లోకొచ్చింది. నేను ఆ చప్పుడు కోసం చూస్తున్నాను. ముందుకి, ఆగి, వెనక్కి, ఆగి. కానీ కారు తిన్నగా వచ్చి, ముక్కు మా ఇంటి గోడకి ఆనుకునేంత దగ్గరగా ఆగింది. అమ్మ కారు ఆపేసింది.

"నాన్నా, చూశావా?" అన్నాను. "తిప్పి పెట్టలేదు. వెళ్ళే తొందర లేదు."

నాన్న తువాలుతో చేతులు తుడుచుకుంటూ నా వెనకాల నిలబడి చూశాడు. చేతులు ఆరిపోయాక కూడా తుడుచుకుంటూనే ఉన్నాడు.

"మన ఇంటికొచ్చే చుట్టాలు అలాగే పెడతారు, రన్వెయ్," అన్నాడు.

వెళ్ళి తలుపు తీశాడు.

అమ్మ జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. నన్ను దగ్గరికి తీసుకుంటే కొత్త సబ్బు వాసన. వాఫిల్స్ తిన్నాం, జామ్‌తో. పిండి గురించి నవ్వుకున్నాం. తర్వాత అమ్మా నేనూ షెడ్డుకి వెళ్ళాం. సున్నపు గీత చూసి ఆమె దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి లోపలికొచ్చింది. ఆ అలవాటు మాత్రం పోలేదు. ఇంజను పక్కన నిలబడి పైకి చూసింది. చెయ్యి చాచింది, అందదని తెలిసి కూడా.

"బాగా కట్టాడు," అంది.

"అమ్మా, నువ్వు వచ్చి తీస్తానన్నావని వాళ్ళకి చెప్పింది నేనే."

"తెలుసు. హల్వర్ చెప్పాడు, ఆ రోజే."

"మరి ఆ రోజే ఎందుకు రాలేదు?"

ఆమె ఇంజను తలుపు మీది ధూళిని వేలితో గీసింది, చెరిపేసింది. "వచ్చి ఉంటే, ఉండిపోతాననుకునేదానివి."

ఇప్పుడు కూడా అలాగే అనుకుంటున్నానని నేను చెప్పలేదు. పడవ ఎప్పుడు దించుతావని మాత్రం అడిగాను.

"షెడ్డు వీళ్ళకి ఇంకో మూడేళ్ళు ఇచ్చాను," అంది. "పోయిన వారం సంతకం పెట్టి పంపాను. నాక్కూడా అక్కడ పని ఖాయం చేశారు. నీకు ఎదురుగా చెప్పాలని ఆగాను." నా వైపు తిరిగి, "వేసవి సెలవులకి వస్తావా? నా గది చిన్నదే కానీ, కిటికీలోంచి ఓడలు కనిపిస్తాయి," అంది.

బయటికొచ్చేటప్పుడు తలుపు మీది కాగితం దగ్గర ఒక్క నిమిషం ఆగింది. గాలికి ఒక మూల లేచిపోయింది. దాన్ని బొటనవేలితో నొక్కి అంటించింది.

మర్నాడు పదిన్నర ఫెర్రీకి ఆమె బయల్దేరింది. కారు ముక్కు గోడకి ఉంది కదా, వెనక్కి నడుపుకుంటూ రోడ్డు దాకా వెళ్ళాల్సి వచ్చింది. ఇదివరకు ఎప్పుడు వెళ్ళినా అద్దంలో నన్ను చూస్తూ చెయ్యి ఎత్తేది. ఈసారి కారు ముఖం మొత్తం నా వైపే ఉంది. ఆమె మాత్రం మెడ తిప్పి వెనక్కి చూస్తూ నడుపుతోంది. రోడ్డెక్కేదాకా నాకు ఆమె చెవి, పొట్టి జుట్టు కింద తెల్లటి మెడ కనిపించాయి.

నాన్న ఆ పూట డ్యూటీలోనే ఉన్నాడు. మధ్యాహ్నం ఇంటికొచ్చి, మిగిలిన పిండితో వాఫిల్ పోసి నా ముందు పెట్టాడు.

"ఫెర్రీలో ఎక్కడ పెట్టావు అమ్మ కారు?" అని అడిగాను.

"చివరి వరుసలో. అందరికంటే వెనక." తన వాఫిల్‌ని నాలుగు ముక్కలు చేసి, ఒక్కటీ తినలేదు. "అందరూ దిగాక దిగాలి కదా."

సాయంత్రం గోడకి వాల్చిన నా సైకిల్ తీశాను. తిప్పి, ముందు చక్రం రోడ్డు వైపు ఉండేలా మళ్ళీ వాల్చాను. నాన్న మెట్ల మీద కూర్చుని చూస్తున్నాడు. కాసేపయ్యాక లేచి వచ్చి, టైర్లలో గాలి సరిపోయిందో లేదో బొటనవేలితో నొక్కి చూశాడు.